ముల్లును నమ్మేముందు నీళ్లు చూడండి

దుక్కి మధ్యలో ట్రాక్టరు వేడి మీటరు ముల్లు ఎరుపులోకి వెళితే రైతు గుండె గుభేలుమంటుంది. ముల్లు అసలు కదలకపోతే మాత్రం చాలామంది పట్టించుకోరు. ప్రమాదం రెండింటిలోనూ ఉంది.

ముల్లు ఎరుపులోకి వెళ్లగానే బండి ఆపి ఇంజను చల్లారనివ్వాలి. వేడి మీద రేడియేటరు మూత తీస్తే మరిగే నీళ్లు ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. చల్లారాక నీళ్లు, ఫ్యాను బెల్టు, రేడియేటరుకు పట్టిన పొట్టు చూడాలి. అన్నీ సరిగా ఉంటే అప్పుడు మీటరును అనుమానించాలి.

కరెంటు మీటరయితే పరీక్ష తేలిక. ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, సెండరు వైరు ఊడదీయండి. చాలా బండ్లలో ముల్లు చల్లని వైపు పడిపోవాలి. ఆ వైరు కొసను ఇంజను ఇనుముకు ఒక్క క్షణం తాకిస్తే వేడి వైపు లేవాలి. రెండూ జరిగితే మీటరు, వైరు మంచివే, లోపం సెండరులో ఉండవచ్చు. వైరు తీసినా ముల్లు దిగకపోతే వైరు ఒరిసి ఎక్కడో ఇనుముకు తగులుతుండవచ్చు. తాకించినా లేవకపోతే ఫ్యూజు, వైరు, మీటరు వరసగా చూడాలి.

మీటరు వెనుక వైరుకు బదులు సన్నని గొట్టం ఉంటే ఈ పరీక్ష చేయకూడదు. ఆ గొట్టం తెగితే మీటరు మొత్తం మార్చవలసిందే.

ఒక్క సంగతి మరవవద్దు. నీళ్లు బాగా తరిగితే సెండరు కొస నీటిలో మునగదు. ఇంజను కాలిపోతున్నా ముల్లు చల్లగానే చూపవచ్చు. అందుకే రోజూ పొద్దున్నే, బండి తీయకముందే నీళ్లు చూసుకోవాలి. పిస్టన్లు పట్టేశాక ముల్లు సరిచేసి లాభం లేదు.