దీపం, జ్వరం మాత్ర, ప్రేమపాట

బళ్లారి పక్కన కప్పగల్లు గుట్టమీద నల్లటి డోలరైట్ రాళ్ల వరుస ఒకటి సాగి ఉంటుంది. ఆ రాళ్లమీద కొత్త రాతియుగం మొదలుకొని మనుషులు చెక్కిన బొమ్మల్లో పశువులవే ఎక్కువ. కొన్ని బండలకు గుంటలున్నాయి. అక్కడ రాయితో కొడితే ఖంగుమంటాయి. 1892లో తొలిసారి బయటపడి, తర్వాత మరుగునపడ్డ ఈ చోటు గురించి పురావస్తు పరిశోధకురాలు నికోల్ బోయివిన్ 2004లో రాశాక మళ్లీ కదలిక వచ్చింది. రోజూ తోలుకెళ్లే గొడ్డూ, చెవికింపైన మోతా అక్కడ ఒకే రాతిమీద ఉన్నాయి.

ప్రేమపాటలో ఇంటి వస్తువు కనిపిస్తే నాకీ గుట్ట గుర్తొస్తుంది. 1920లలో భావకవులు వెన్నెల్లో విహరిస్తుంటే, నండూరి సుబ్బారావు 1925లో పల్లె యాసలో ఎంకిపాటలు అచ్చువేశారు. వాటిలో ఒక పాటలో నాయుడుబావ తన ప్రియురాలు ఎంకిని దీపం ఆర్పేయమంటాడు. వెలుతురుంటే మనసు ఆమెమీద నిలవడం లేదట! మామూలుగా ప్రియురాలిని దీపంతో పోల్చి ఊరుకుంటారు. ఇక్కడ పోలికే లేదు. దీపం తన పని తాను చేస్తోంది, చిక్కంతా దానివల్లే.

ఇటలీలో ఇప్పటి ఇండీ పాప్ కూడా ఇదే దారి పట్టింది. రోముకు దక్షిణాన ఉన్న లాటీనా ఊరివాడు ఎదోవార్దో దెర్మె, కల్‌కత్తా అనే పేరుతో పాడతాడు. 2015లో వచ్చిన ఆల్బమ్‌లో ఒక పాటకు ఆ పక్క ఊరు ఫ్రోసినోనే పేరే పెట్టాడు. మన బళ్లారి వైపు సిరుగుప్ప పేరుతో ఎవరైనా పాట కట్టినట్టన్నమాట. 2018 నాటి మరో పాట పేరు పారాసిటమాల్. అందులో అయిదొందల మిల్లీగ్రాముల మాత్రలు రెండు వేసుకుంటే వెయ్యి అవుతుందన్న లెక్క ఉంది. ప్రేమలో పడ్డవాడు అంత పిచ్చిలెక్క చెప్పడమే ఆ పాటలోని అందం. మందు పేరు తీసేస్తే పాట సగం చచ్చిపోతుంది.

మన సినిమా పాటల్లోకీ సెల్‌ఫోన్లూ, సిగ్నళ్లూ, ఛార్జర్లూ వచ్చిపడ్డాయి. చాలావాటిలో అవి పల్లవికి ప్రాస కుదర్చడానికే పనికొస్తాయి. ఛార్జర్ తీసేసి ఇంకోటి పెట్టినా ఏమీ పోదు.

వస్తువులు పాతబడతాయి, నిజమే. నూనెదీపం అలవాటే లేని ఇళ్లిప్పుడు ఎన్నో. అయినా నాయుడుబావ ఇబ్బంది వినేవాడికి ఇట్టే అర్థమవుతుంది. స్విచ్ నొక్కినా గదిలో జరిగేది అదే కదా.