‘అలౌ’ నొక్కితే ఏమైతది?

సెలవులకు ఊరికి పోయిన ఇంజనీరింగ్ పిల్లలకు జీతం లేని కొలువు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: ఫోన్ డాక్టర్. మాది దేవరకొండ దగ్గర పల్లె. "బిడ్డా, కంప్యూటర్ సదువుతున్నవు గద, జర దీన్ని సూడు" అని మా పెద్దనాయిన ఫోన్ చేతికిస్తే, ఆయన వెనక ఇంకో నలుగురు నిలబడతారు. అన్ని ఫోన్లదీ దాదాపు ఒకటే జబ్బు. అడగని యాడ్లు. లాక్ తీస్తే యాడ్, వార్త చదువుతుంటే యాడ్, ఏమీ చేయకుండా పక్కన పెట్టినా ‘మీ ఫోన్‌లో వైరస్ ఉంది’ అని టింగుమని ఒక మెసేజ్. మీది మిర్యాలగూడ అయినా నారాయణపేట అయినా ఇదే కథ ఉంటుందనుకుంటా.

"యాడ్ బ్లాకర్ వేసుకో" అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం. చాలాసార్లు దాంతో పని కాదు. ఎందుకంటే జనం పాప్-అప్ అని పిలిచేది ఒక్క వస్తువు కాదు. మూడు వేర్వేరు సంగతులకు అదే పేరు పడిపోయింది.

అసలు పాప్-అప్ అంటే మనం తెరిచిన పేజీ మనల్ని అడగకుండా ఇంకో కిటికీ తెరవడం. 1990ల చివర్లో ట్రైపాడ్ అనే వెబ్‌సైట్‌లో పనిచేసిన ఈథన్ జుకర్‌మన్ దీనికి కోడ్ రాశాడు. ఒక కార్ల కంపెనీ తన ప్రకటన అశ్లీల పేజీ మీద పడిందని గొడవ చేసిందట. పేజీకీ ప్రకటనకూ సంబంధం కనబడకూడదని, ప్రకటనను విడి కిటికీలో పెట్టారు. 2014లో ఆయనే ‘ది అట్లాంటిక్’ పత్రికలో వ్యాసం రాసి లోకానికి క్షమాపణ చెప్పాడు. అప్పటికే బ్రౌజర్లు దీనికి మందు కనిపెట్టేశాయి. 2000లో ఒపేరా, 2002లో మొజిల్లా, 2004లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. నియమం చాలా సింపుల్: మనిషి వేలు తాకితేనే కొత్త కిటికీ తెరవాలి, పేజీ తనంతట తాను తెరవబోతే ఆపేయాలి. దీనికీ దొంగదారి ఉంది. సినిమా సైట్లలో ప్లే బటన్ మీద కనబడని పొర ఒకటి పరుస్తారు. మొదటి నొక్కుడు ఆ పొర మీద పడి యాడ్ తెరుచుకుంటుంది, రెండో నొక్కుడుకు గానీ సినిమా మొదలు కాదు. వేలు తాకింది కాబట్టి బ్రౌజర్ కూడా మోసపోతుంది. యాడ్ బ్లాకర్ బాగా పనికొచ్చేది ఇక్కడే.

రెండోది నోటిఫికేషన్. మా ఊరి ఫోన్లలో సగం గోల దీనిదే. ఇంటర్ రిజల్ట్స్ నాడు చూడండి. అసలు సైట్ లోడ్ తట్టుకోలేక తిరుగుతూనే ఉంటుంది. ఆగలేక గూగుల్‌లో కనబడ్డ ప్రతి లింకూ తెరుస్తారు. వాటిలో ఏదో ఒకటి ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి’ అంటుంది. పిల్లగాడి మార్కుల కోసం పానం కొట్టుకుంటున్న మనిషి నొక్కడా మరి? ఆ నొక్కుడుకూ రోబోకూ ఏ సంబంధం లేదు. ఎప్పుడంటే అప్పుడు మెసేజ్ పంపుకోవడానికి ఆ సైట్‌కు మనం ఇచ్చిన పర్మిషన్ అది. ఆ తర్వాత ట్యాబ్ మూసేసినా లాభం లేదు. మెసేజ్ గూగుల్ సర్వర్ మీదుగా నేరుగా ఫోన్‌కు వస్తుంది. పేజీలో యాడ్లను ఆపే బ్లాకర్ దారిలో ఇది అసలు పడనే పడదు.

పెద్దనాయిన ఫోన్‌లో ఇట్లాంటి సైట్లు 19 ఉన్నాయి. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కు పోతే లిస్ట్ మొత్తం కనబడుతుంది. ఒక్కొక్కటీ తీసేసి, అసలు ఏ సైటూ అడగకుండా పైనున్న స్విచ్ కూడా ఆపేశాను. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లకు ఈ ఒక్క పని చేసినా చాలు.

ఎందుకు నొక్కినవని అడిగితే ఆయన చెప్పింది విన్నాక నాకు కోపం పోయింది. "ఇంగ్లీషుల ఏదో రాసుంటది. నీలం రంగుది నొక్కితె పోతది." ఆ డబ్బా ఆయనకు ప్రశ్న కాదు, అడ్డం. నీలం బటన్ అంటే తలుపు. ఫోన్ భాషను తెలుగులోకి మార్చి, అట్లాంటి డబ్బానే మళ్లీ చూపించాను. ‘అనుమతి’ అనే మాట చదివి, "గీనికెందుకియ్యాలె అనుమతి?" అన్నాడు. సాహిత్య క్లబ్బులో ఈ వ్యాసం ఎందుకంటే అదిగో, అందుకే.

మూడోది బ్రౌజర్‌కు సంబంధమే లేనిది. లాక్ తీయగానే స్క్రీన్ నిండా యాడ్ వస్తే అది ఏదో యాప్ పని. టార్చ్, క్లీనర్, వాల్‌పేపర్ యాప్‌లను ముందు అనుమానించండి. యాడ్ తెర మీద ఉండగానే రీసెంట్ యాప్స్ బటన్ నొక్కితే చాలాసార్లు దొంగ పేరు బయటపడుతుంది. సెట్టింగ్స్‌లో ‘డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్’ అని వెతికి, ఎవరెవరికి ఆ హక్కు ఉందో చూసి, పనికిరానిదాన్ని పీకేయండి.

ఇగ బ్లాకర్ల సంగతి. ఫోన్‌లో క్రోమ్‌కు ఎక్స్‌టెన్షన్లు పెట్టుకునే వీలు లేదు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో ఉంది, అందులో యూబ్లాక్ ఆరిజిన్ వేసుకోవచ్చు. నేను అదే వాడుతున్నా. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సెట్టింగ్ ఉంది. సైట్ పేరుకు అడ్రస్ చెప్పేది డీఎన్ఎస్ కదా. యాడ్ కంపెనీల పేరు అడిగితే అడ్రస్ చెప్పని సర్వర్‌ను అక్కడ పెడితే, బ్రౌజర్‌లోనే కాదు యాప్‌లలో కూడా చాలా యాడ్లు ఆగిపోతాయి. యాడ్‌గార్డ్ లాంటివాళ్లు ఇది ఉచితంగానే ఇస్తున్నారు. యూట్యూబ్ యాడ్లు మాత్రం దీనికి లొంగవు, వీడియో వచ్చే చోటి నుంచే యాడ్ కూడా వస్తుంది కాబట్టి. ఇంకోటి, మీరు ఏయే సైట్లు తెరుస్తున్నారో ఆ డీఎన్ఎస్ నడిపేవాళ్లకు తెలుస్తుంది. ఆ నమ్మకం ఎవరి మీద పెట్టాలన్నది మీ ఇష్టం.

యాడ్ చిరాకు పెడితే పోనీ అనుకోవచ్చు. ‘వైరస్ ఉంది’ అన్నదాన్ని నొక్కితే కథ వేరే. క్లీనర్ పేరుతో ఒక ఏపీకే ఫైల్ దిగుతుంది, లేదా కస్టమర్ కేర్ అని ఒక నంబర్ వస్తుంది. అవతలివాడు స్క్రీన్ షేర్ చేయమంటాడు. అదే ఫోన్‌లో ఫోన్‌పే ఉంటుంది, పత్తి అమ్మిన పైసలుంటాయి. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో 13 రకాల మాయలను పేర్కొన్నారు. లేని వైరస్ ఉందని భయపెట్టడం వాటిలో ఒకటి. కాగితం మీద రూల్ ఉంది, మెసేజ్ పంపినవాడు ఎక్కడున్నాడో ఎవరు పట్టుకోవాలె? పైసలు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే, అవతలి ఖాతాలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

అన్ని యాడ్లనూ ఒకే గాటన కట్టలేను. పాలమూరు, నల్లగొండ వార్తలు రాసే చిన్న సైట్లు రెండు నేను రోజూ చదువుతా. పేజీ పక్కన బుద్ధిగా కూర్చునే యాడ్లే వాళ్లకు కూడు. ఆ రెండింటికీ నా బ్లాకర్ ఆపి పెట్టుకున్నా. యూబ్లాక్‌లో ఆ పెద్ద పవర్ బటన్ నొక్కితే ఆ ఒక్క సైట్ వరకే ఆగుతుంది, మిగతా చోట్ల దాని పని అది చేసుకుంటుంది.