మేత ఖాతాలో ఓ కుర్రాడు

భీమవరంలో రొయ్యల మేత దుకాణంలో లెక్కలు రాస్తుంటాను. మేత చాలావరకు అప్పు మీదే పోతుంది, పట్టుబడి అయ్యాక కడతారు. ఎవరి గుణం ఎటు తిరుగుతోందో ఊరికన్నా ముందు మా పుస్తకానికి తెలుస్తుంది.

2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక ఉండి, కాళ్ల, ఆకివీడు వైపు ఇంకా ఎన్నో వరిచేలు చెరువులయ్యాయి. వరిలో ఏడాదికి చూడని డబ్బు నాలుగు నెలల్లో కనబడుతుంటే కుర్రాళ్లు ఆగుతారా?

అలా ఒకబ్బాయి డిగ్రీ అవగానే రెండెకరాలు లీజుకి తీసుకున్నాడు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళకి తనే గట్టు మీద ఉండేవాడు. ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుని, చెక్ ట్రే ఎత్తి, మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా అని టార్చి వేసి చూసేవాడు. "బాబాయ్ గారూ, నా లెక్కలో రూపాయి తేడా రాకూడదండీ" అనేవాడు. పంట తగిలింది. బాకీ మొత్తం ఒకేసారి కట్టేశాడు.

మరుసటి పంటకి కారొచ్చింది, పదెకరాల లీజొచ్చింది. కారు కొనడం తప్పంటే మా జిల్లాలో నవ్వుతారు, నేనూ అనను. రొయ్యపిల్లల సీడు మాత్రం చదరపు మీటరుకి 60కి మించకూడదు, అంటే ఎకరానికి సుమారు 2 లక్షల 40 వేలు. అతను ఎకరానికి 4 లక్షలు వదిలాడు. ట్రే ఎత్తడానికి జీతగాణ్ణి పెట్టాడు.

తెల్లమచ్చ తగిలింది. 1990ల నడుమ టైగర్ రొయ్యని ఊడ్చేసిన జబ్బే ఇది, మందు లేదు. జబ్బు తగిలిన చెరువు నీళ్లు కదపకుండా బ్లీచింగ్ వేసి, వైరస్ చచ్చాకే వదలాలి. అతను దొరికిన రేటుకి సరుకు అమ్మేసి, రాత్రికి రాత్రి తూము ఎత్తి నీళ్లు కాలవలోకి వదిలేశాడు. వల పట్టిన కూలీలే చెప్పారు. దిగువ రైతు ఆ కాలవ నీళ్లే తోడుకుంటాడు. ఒక్క ఫోను చేసుంటే మోటారు ఆపుకునేవాడు.

డబ్బాశే అయితే ఆ ఫోను చేసుండేవాడేమో, దానికి పైసా ఖర్చవదు. కానీ అప్పటికి పెళ్లి సంబంధాలు నడుస్తున్నాయి. పదెకరాల రొయ్యల రైతని చెప్పుకున్నాక, చెరువు పోయిందని బయటపడితే తలెత్తుకోలేడు. నన్నడిగితే, కుర్రాణ్ణి మార్చింది ఆ భయమే.

దిగువ రైతు ఖాతా కూడా మా దగ్గరే. ఆ బాకీ అలాగే ఉంది. కుర్రాడు మాత్రం అమ్మ నగలు తాకట్టు పెట్టి మరీ తనది తీర్చేశాడు. మళ్లీ మేత అప్పు పుట్టాలి కదండీ!