చిప్పు కన్నా ముందే పుట్టే పనిముట్లు

కొత్త ప్రాసెసరు విపణిలోకి వచ్చినప్పుడు పత్రికలు దాని వేగాన్ని గురించి, దానిలో ఇమిడిన ట్రాన్సిస్టర్ల సంఖ్యను గురించి వ్రాస్తాయి. మానవులు వ్రాసిన ప్రోగ్రాములను ఆ ప్రాసెసరు భాషలోకి మార్చే పనిముట్లను గురించి వ్రాసేవారు అరుదు. అవి లేకపోతే ఎంత వేగవంతమైన ప్రాసెసరైనా చక్కగా చెక్కిన సిలికాన్ ముక్క మాత్రమే. కొన్ని ప్రాసెసర్ల జయాపజయాలను నిర్ణయించడంలో సిలికాన్ కన్నా ఈ పనిముట్లదే పెద్ద పాత్ర.

యంత్రభాష, దాని అనువాదకుడు

ప్రతి ప్రాసెసరు వంశానికీ తనదైన ఆదేశావళి ఉంటుంది. ఏ అంకెల సమూహానికి కూడిక అని అర్థమో, దేనికి మెమొరీ నుండి సంఖ్యను తెమ్మని అర్థమో నిర్ణయించే నిఘంటువు అది. ఒక వంశంలో కూడికను సూచించే అంకెలు మరొక వంశంలో అర్థరహితం కావచ్చు. ప్రోగ్రామరు మాత్రం సి, ఫోర్ట్రాన్ వంటి భాషలలో వ్రాస్తాడు. ఆ రచనను యంత్రాదేశాలుగా మార్చేది కంపైలరు. ఆ ఆదేశాలను అంకెలుగా కూర్చేది అసెంబ్లరు. విడివిడి భాగాలను ఒకటిగా అతికేది లింకరు. తప్పులను వెదకడానికి తోడ్పడేది డీబగ్గరు.

కంపైలరు చేసేది మాటకు మాట పెట్టే అనువాదం కాదు. నన్నయ భారతాన్ని తెనిగించినప్పుడు మూలంలోని అర్థాన్ని నిలుపుతూ తెలుగు నుడికారానికి తగినట్లు కూర్చాడు. కంపైలరు కూడా ప్రోగ్రాము అర్థాన్ని చెడనీయకుండా, ఆ ప్రాసెసరుకు అనువైన ఆదేశాలను ఎన్నుకుంటుంది.

ఆలు లేదు, చూలు లేదు

రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేసిన జి.సి.సి. కంపైలరులో పని స్థూలంగా మూడు భాగాలుగా సాగుతుంది. మొదటిది ప్రోగ్రామును చదువుతుంది, రెండవది మెరుగుపరుస్తుంది, మూడవది యంత్రాదేశాలను వెలువరిస్తుంది. కొత్త ప్రాసెసరు వచ్చినప్పుడు ప్రధానంగా మూడవ భాగాన్ని వ్రాస్తే చాలు. దానిలో ఎన్ని రిజిస్టర్లున్నాయి, ఏ ఆదేశానికి ఎంత కాలం పడుతుంది, ఒక ఉపప్రోగ్రాము మరొకదానికి విలువలను ఎలా అందించాలి వంటి వివరాలన్నీ తెలియజెప్పాలి. ఈ చివరి ఒప్పందంలో పొరపాటు జరిగితే, విడివిడిగా సరిగ్గా పనిచేసే రెండు ప్రోగ్రాములు కలిసినప్పుడు కుప్పకూలుతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కంపైలరు కూడా ఒక ప్రోగ్రామే. కొత్త యంత్రంపై దానిని ఎవరు అనువదించాలి? అందుకే మొదట పాత కంప్యూటరుపై నడుస్తూ కొత్త ప్రాసెసరుకు ఆదేశాలను వెలువరించే కంపైలరును తయారు చేస్తారు. చిప్పు ఇంకా పుట్టకపోతే, దానిని అనుకరించే ప్రోగ్రాముపై ఫలితాలను పరీక్షిస్తారు. “ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం” అన్న సామెత ఈ రంగంలో ఎగతాళి కాదు, అదే సరైన పద్ధతి.

ఆ తర్వాత జి.సి.సి. తనను తానే పరీక్షించుకుంటుంది. పాత కంపైలరుతో కొత్త కంపైలరును నిర్మిస్తారు. దానితో అదే మూలం నుండి రెండవసారి, ఆ రెండవదానితో మూడవసారి నిర్మిస్తారు. రెండవ, మూడవ ప్రతులు అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా ఉండాలి. తేడా వస్తే ఎక్కడో దోషమున్నట్లే.

రెండు ప్రాసెసర్ల కథ

1994లో ఇంటెల్, హ్యూలెట్-పాకార్డ్ సంస్థలు కలిసి 64 బిట్ల కొత్త ప్రాసెసరును తలపెట్టాయి. అదే 2001లో వెలువడిన ఇటానియం. అప్పటి శక్తివంతమైన ప్రాసెసర్లలో ఏ ఆదేశాలను ఏకకాలంలో అమలు జరపవచ్చునో చాలావరకు చిప్పే అప్పటికప్పుడు చూసుకునేది. ఇటానియంలో ఆ బాధ్యతను కంపైలరుకు అప్పగించారు. ఆదేశాలను మూడేసి చొప్పున 128 బిట్ల మూటలుగా కట్టి, ఏవి పరస్పరం ఆధారపడవో కంపైలరే ముందుగా గుర్తించాలి.

కానీ మెమొరీ నుండి ఒక సంఖ్య రావడానికి ఒకసారి కొద్ది క్లాకు స్పందనలు చాలవచ్చు, మరొకసారి వందకు పైగా పట్టవచ్చు. ఆ సంగతి ప్రోగ్రాము నడిచేటప్పుడే తెలుస్తుంది. ముందుగానే తన పని ముగించే కంపైలరుకు అది ఎలా తెలియాలి? క్రమబద్ధమైన గణితంలో ఇటానియం రాణించినా, అడుగడుగునా షరతులుండే సాధారణ ప్రోగ్రాములలో ఆశించిన వేగం రాలేదు. పాత ఇంటెల్ ప్రోగ్రాములు దానిపై నత్తనడక నడిచాయి. 2021లో దాని సరఫరా ముగిసింది.

ఎ.ఎం.డి. సంస్థ మరొక దారి పట్టింది. పాత ఆదేశావళిని నిలుపుకొని దానినే 64 బిట్లకు పెంచింది. సాధారణ రిజిస్టర్లను 8 నుండి 16కు పెంచింది. వివరాలను 2000లోనే ప్రకటించి, అనుకరణ ప్రోగ్రాములను సమకూర్చింది. సూసె సంస్థలో యాన్ హుబిచ్కా తదితరులు జి.సి.సి.ని, ఆండీ క్లీన్ తదితరులు లినక్స్‌ను చిప్పు రాకముందే దానికి అనుగుణంగా మలిచారు. 2003 ఏప్రిల్‌లో ఆప్టెరాన్ విపణికి వచ్చేసరికి పనిముట్లు సిద్ధంగా ఉన్నాయి. పాత ప్రోగ్రాములు కూడా వేగంగానే నడిచాయి. 2004లో ఇంటెల్ సైతం అదే బాట పట్టింది.

చివరి అంకెల తగాదా

పనిముట్లు సిద్ధమైనంత మాత్రాన ప్రోగ్రాములన్నీ సురక్షితమని కాదు. మెమొరీ చిరునామా 4 బైట్లలో ఇముడుతుందని నమ్మి వ్రాసిన ప్రోగ్రాములు, చిరునామా 8 బైట్లకు పెరగగానే చెడిపోయాయి.

శాస్త్రజ్ఞులకు ఇంకొక సూక్ష్మమైన చిక్కు ఎదురైంది. పాత ఇంటెల్ గణిత విభాగం దశాంశ సంఖ్యలను లోలోపల 80 బిట్లలో ఉంచేది. 64 బిట్ల ఆదేశావళిలో కంపైలర్లు సాధారణంగా వాడే విభాగం 64 బిట్లకే పరిమితం, అంటే సుమారు 15, 16 అంకెల కచ్చితత్వం. కాబట్టి అణువుల శక్తిని లెక్కించే ఒకే ప్రోగ్రాము రెండు యంత్రాలపై చివరి అంకెలలో తేడా చూపవచ్చు. తేడా వచ్చినంత మాత్రాన కొత్త యంత్రం తప్పు చేసిందని కాదు. కానీ ఆ తేడా లెక్క సాగుతున్నకొద్దీ పెరుగుతున్నదా, అణగిపోతున్నదా అని తేల్చుకోకుండా ఫలితాన్ని ప్రకటించడం ప్రమాదకరం. ప్రయోగశాలలో కొత్త తులను తెలిసిన బరువుతో సరిచూసినట్లే, కొత్త ప్రాసెసరును తెలిసిన జవాబుతో సరిచూడాలి.

అందరి ఆదేశావళి

2010లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో రిస్క్-ఫైవ్ అనే ఆదేశావళి రూపకల్పన మొదలైంది. దానిని వాడుకోవడానికి ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేదు. 2017లో జి.సి.సి. 7 దానిని స్వీకరించింది. మద్రాసు ఐ.ఐ.టి.లో రూపొందిన ‘శక్తి’ ప్రాసెసర్లు ఈ ఆదేశావళినే అనుసరిస్తాయి. 2018లో ఆ చిప్పుపై లినక్స్ నడిచింది. కంపైలరును మొదటి నుండి వ్రాయనక్కరలేకపోవడం ఆ బృందానికి కలిసివచ్చిన అంశం. తమ సొంత ఆదేశావళిని కల్పించుకుని ఉంటే, చిప్పుకు పట్టిన శ్రమకు దీటైన శ్రమ పనిముట్లకు కూడా పట్టేది.

జి.సి.సి. మూలపాఠం ఈనాడు ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని చదువుకోవచ్చు. కంప్యూటరు శాస్త్రం చదువుతున్న మన పిల్లలు దానిలో రిస్క్-ఫైవ్ వర్ణనను తెరిచి చూస్తే, కూడిక అనే ఒక్క మాటను యంత్రానికి నేర్పడానికి ఎంత వివరం కావాలో స్వయంగా గ్రహించగలరు. చిప్పుల పేర్లు మారుతూనే ఉంటాయి. ఈ విద్య నేర్చినవారి అవసరం మాత్రం ప్రతి కొత్త చిప్పుతోనూ మళ్లీ కలుగుతుంది.