ఎర్త్ తెగినా యంత్రం ఆగదు

ఇంట్లో మెయిన్ బోర్డు దగ్గర పెట్టించుకునే ఆర్‌సీసీబీ మీద 30 ఎంఏ అని ఉంటుంది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటుకూ మధ్య అంత తేడా వచ్చేసరికి అది పడిపోతుంది. షాక్ గట్టిగానే కొడుతుంది గానీ, క్షణంలో సరఫరా ఆగుతుంది కనుక మనిషి దక్కుతాడు. ఇళ్ల వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌కు ఈ లెక్క చాలు. ఆసుపత్రి పరికరాలు చూసే ఎలక్ట్రీషియన్‌కు చాలదు. గుండెకు నేరుగా తగిలే పరికరం నుంచి రోగిలోకి మామూలు స్థితిలో పారే కరెంటు 10 మైక్రోఆంపియర్లు మించకూడదని ఐఈసీ 60601 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. ఇంటి ఆర్‌సీసీబీ మీది అంకెలో అది మూడు వేలో వంతు.

ఇంత తేడా చర్మం వల్ల వచ్చింది. పొడి చర్మం కరెంటుకు వేల ఓముల అడ్డు, ఒక్కోసారి లక్ష దాకా. 1 మిల్లీఆంపియర్ దగ్గర చిమచిమ తెలుస్తుంది. 10 దాటితే పట్టుకున్న తీగను చెయ్యి వదల్లేదు. 100 ప్రాంతంలో గుండె లయ తప్పవచ్చు. ఇవన్నీ ఒళ్లంతా పరుచుకుని పారే కరెంటు లెక్కలు, అందులో గుండె మీదుగా పోయేది కొంతే. ఐసీయూలో గుండె దాకా దింపిన పేసింగ్ వైరుకు చర్మంతో పనిలేదు. వచ్చిన కరెంటంతా గుండె కండరంలో ఒక చిన్న చోట దిగుతుంది. 100 మైక్రోఆంపియర్లు, కొన్నిసార్లు అంతకన్నా తక్కువే, గుండె కొట్టుకోవడం మాని వణకడానికి చాలు. దీన్ని మైక్రోషాక్ అంటారు. నర్సు ఒక చేత్తో లీకేజీ ఉన్న యంత్రాన్ని, ఇంకో చేత్తో ఆ వైరు కొసను ముట్టుకుంటే కరెంటు ఆమె గుండానే రోగికి చేరుతుంది. ఆమెకు చిమచిమ కూడా తెలియదు. పేసింగ్ వైర్లను గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దనేది ఇందుకే.

లీకేజీ అనగానే తీగ ఎక్కడో ఒలిచిపోయిందనుకుంటాం. ఏ లోపమూ లేని కొత్త యంత్రంలోనూ అది ఉంటుంది. ఫేజ్ తీగ, పక్కన లోహపు పెట్టె, నడుమ ఇన్సులేషన్, ఈ మూడూ కలిస్తే అదే ఒక కెపాసిటర్. ఏసీ కరెంటును కెపాసిటర్ పూర్తిగా ఆపలేదు. ఆ కెపాసిటెన్స్ 1 నానోఫారడ్ ఉంటే చాలు, 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 72 మైక్రోఆంపియర్లు పెట్టె మీదికి వస్తాయి. ఎర్త్ తీగ బాగున్నంతకాలం అవి భూమిలోకి పోతాయి. మనకు పట్టదు.

అసలు చిక్కు ఎర్త్ తెగినప్పుడు. ఫేజ్ తెగితే యంత్రం ఆగుతుంది, న్యూట్రల్ తెగినా ఆగుతుంది, వెంటనే ఫోన్ వస్తుంది. ఎర్త్ తెగితే ఏమీ కాదు. తెరమీద ఈసీజీ గీత అలాగే పరుగెడుతుంది, అలారాలు అలాగే మోగుతాయి. ట్రాలీ చక్రాల కింద నలిగిన త్రాడు, లాగి లాగి వదులైన త్రీ పిన్ టాప్, గోడ సాకెట్‌లో పట్టడం లేదని ఎవరో విరిచేసిన ఎర్త్ పిన్ను, వీటి గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు.

అందుకే ఈ పనిలో సగం మరమ్మతు కాదు, కొలత. మల్టీమీటర్‌ను నమ్ముకుంటే మోసపోతాం. అది పంపే కరెంటు అతి స్వల్పం కనుక, తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా అంతా బాగుందనే చూపిస్తుంది. సేఫ్టీ ఎనలైజర్ 25 ఆంపియర్ల దాకా పంపి చూస్తుంది. ప్లగ్ ఎర్త్ పిన్ను నుంచి యంత్రం ఒంటి దాకా 0.2 ఓము దాటకూడదు. తర్వాత ఎర్త్‌ను కావాలనే విడదీసి, ఫేజ్, న్యూట్రల్ తారుమారు చేసి మళ్లీ లీకేజీ కొలుస్తారు. లోపం లేనప్పుడు బాగుండటం గొప్ప కాదు, ఒక లోపం వచ్చాక కూడా రోగి క్షేమంగా ఉండాలి.

గుండెకు షాకిచ్చి లయ సరిచేసే డీఫిబ్రిలేటర్‌తో ప్రమాదం ఇంకో రకం. 32 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 5,000 వోల్టులకు ఛార్జ్ చేస్తే 400 జౌళ్లు నిలవ ఉంటాయి. స్విచ్ తీసేసినంత మాత్రాన అవి పోతాయని నమ్మకూడదు. తగిన రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటర్ పెట్టి చూశాకే లోపల చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే పాత చిట్కా ఇక్కడ ప్రాణాంతకం.

అమెరికా ఆసుపత్రుల్లో ఏటా 1,200 మంది కరెంటుకు బలవుతున్నారని 1971లో వినియోగదారుల హక్కుల ఉద్యమకారుడు రాల్ఫ్ నాడర్ రాశాడు. ఆ అంకెకు ఆధారాలు దొరకలేదు గానీ, ఆ గగ్గోలు మేలే చేసింది. ఆసుపత్రులు ఇంజనీర్లను పెట్టుకుని పరికరాలు పరీక్షించడం దాంతో బాగా పెరిగింది. మన దేశంలో 2015లో మొదలైన బయోమెడికల్ పరికరాల నిర్వహణ కార్యక్రమం కోసం లెక్క తీస్తే, 29,115 ఆరోగ్య కేంద్రాల్లో 7,56,750 పరికరాలు తేలాయి. రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం మూలపడి ఉన్నాయి. ఈ పథకాన్ని మొదట్లోనే అందుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. జిల్లా ఆసుపత్రిలో పరికరాలు 95 శాతం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 80 శాతం సమయం పనిచేస్తూ ఉండాలన్నది షరతు. మంచిదే. కానీ ఆ శాతం యంత్రం నడుస్తోందని చెబుతుంది, ఎర్త్ ఉందని చెప్పదు.

ఐసీయూలో మీవాళ్లను చూడటానికి వెళ్తే, మంచం వెనక సాకెట్ ఖాళీగా కనిపించినా ఫోన్ ఛార్జర్ పెట్టకండి. రెండు పిన్నుల ఛార్జర్‌కు అసలు ఎర్తే ఉండదు.