గూడు చిన్నదైతే... చాకిరీ పెద్దది!

కొన్న కొత్తలో అందరికీ ముద్దే. గుప్పెడంత ఒళ్లు, గుండీల్లాంటి కళ్లు, ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు ‘వీక్... వీక్...’ మంటూ ఒకటే గోల. పిల్లలు బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ అటు పడేసి గినీ పిగ్ దగ్గరే మకాం. నెల తిరిగేసరికి సీను మారిపోతుంది. ‘అమ్మా, వాసనొస్తోంది’, ‘కావాలన్నది నువ్వే కదా, నువ్వే కడుగు’, ‘పోయిన వారం నేనే కడిగా, ఈసారి అన్నయ్య వంతు’... చివరికి ఆదివారం పూట అమ్మో నాన్నో ముక్కుకు గుడ్డ కట్టుకుని బాల్కనీలో బకెట్ ముందు కూర్చోవాల్సిందే. అలా రెండు నెలలు గడిచాక ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాట అనేస్తారు... ‘దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం!’

గినీ పిగ్ ఆయుష్షు అయిదు నుంచి ఎనిమిదేళ్లు. అన్నేళ్లు మనతో ఉండాల్సిన ప్రాణి రెండు నెలలకే భారమైపోతోందంటే తప్పు దానిది కాదు. చాలా ఇళ్లలో పిల్లల బద్ధకానిదీ కాదు. గూటి అమరికది! అది సరిచేసుకుంటే రోజుకు పది నిమిషాలు, వారానికో అరగంట... అంతకు మించి పని ఉండదు.

ఎందుకంత చెత్త?

గినీ పిగ్ పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి అరగాలన్నా, పొట్ట సరిగ్గా పనిచేయాలన్నా రోజంతా ఎండుగడ్డి నములుతూనే ఉండాలి. తినడం ఆగనప్పుడు రెండో పని మాత్రం ఎలా ఆగుతుంది? రోజుకు ఒక్కోటి వందకు పైగా పెంటికలు వేస్తుంది. అందులో కొన్ని మెత్తటివాటిని తిరిగి తినేస్తుంది కూడా. పిల్లలు చూసి ‘ఛీ’ అంటారు కానీ అది దాని జీర్ణక్రియలో భాగం. ఆపకూడదు.

నిజానికి ఎండిన పెంటికలకు పెద్దగా వాసన ఉండదు. అసలు సమస్య మూత్రం. అది పక్కలో ఇంకి నిల్వ ఉంటే అమోనియా పుడుతుంది. మనం నిలబడి ఉంటే మన ముక్కు నేలకు అయిదడుగుల ఎత్తున ఉంటుంది. దాని ముక్కు ఉండేది అంగుళం ఎత్తులో! అంటే మనకు వాసన తెలిసేసరికే అది గంటల తరబడి ఆ ఘాటు పీలుస్తూ ఉందన్నమాట. దాంతో ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. తడి పక్కమీదే తిరిగితే పాదాల అడుగున పుళ్లు పడతాయి. ఒకసారి వస్తే మానడం చాలా కష్టం. అందుకే గూడు శుభ్రం చేయడమంటే ఇంటి అందం కోసం చేసే పని కాదు, దాని ప్రాణం కోసం చేసేది.

తినేచోటే... ఆ పని కూడా!

పేరులో గినీ ఉన్నా దీని పుట్టిల్లు ఆఫ్రికా కాదు. పందికీ దీనికీ చుట్టరికమూ లేదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో, ఇప్పటి పెరూ, బొలీవియా ప్రాంతాల్లో వేల ఏళ్ల కిందటే మాంసం కోసం మచ్చిక చేశారు. అక్కడి పల్లెల్లో ఇప్పటికీ చాలా ఇళ్లలో ఇవి వంటింట్లోనే తిరుగుతుంటాయి. గడ్డి ఎక్కడ వేస్తే అక్కడికి చేరతాయి.

మనం పట్టుకోవాల్సిన కిటుకు కూడా అదే. గినీ పిగ్‌కి గడ్డి తింటూనే మల మూత్ర విసర్జన చేయడం అలవాటు. ఆ తర్వాత ఎక్కువగా వాడేది చీకటిగా ఉండే మూలలు. కాబట్టి గడ్డిని గూడంతా చల్లకుండా ఒకవైపే పెట్టండి. దాని కింద అంచులు తక్కువగా ఉన్న వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే ఉంచండి. ట్రేలో కాగితపు పొరలు, వాటిమీద పక్క, దానిమీద గడ్డి. నీళ్ల సీసా కూడా అటువైపే తగిలిస్తే కారే చుక్కలూ అందులోనే పడతాయి. ఇక చెత్తలో ఎక్కువ భాగం ఆ ట్రేలోకే చేరుతుంది. రోజూ మార్చాల్సింది ఆ ఒక్క ట్రేనే.

ఇది పిల్లికి నేర్పినట్టు నూటికి నూరుపాళ్లు సాధ్యం కాదు. బయట కొన్ని పెంటికలు పడుతూనే ఉంటాయి. వాటిని చిన్న చీపురు, చేటతో ఎత్తేయడం రెండు నిమిషాల పని.

పెద్దదైతేనే సుఖం

‘చిన్న గూడైతే కడగడం తేలిక’ అనుకుంటాం. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. చిన్న గూట్లో తినేచోటు, పడుకునేచోటు, విసర్జించేచోటు అన్నీ ఒకటే. ఒక్కరోజుకే అంతా తడి. అదే పెద్ద గూడైతే పొడిగా ఉండే చోటు మిగులుతుంది. అందుకే మొత్తం తీసి కడగాల్సిన అవసరం తగ్గుతుంది.

పైగా ఇది గుంపులో బతికే జీవి. స్విట్జర్లాండ్‌లోనైతే 2008 నుంచి గినీ పిగ్‌ను ఒంటరిగా పెంచకూడదని నిబంధనే ఉంది. రెంటికి కనీసం ఏడున్నర చదరపు అడుగుల చోటు కావాలి. అంటే దాదాపు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. దుకాణాల్లో కుందేళ్ల కేజ్ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఇందులో సగం కూడా ఉండవు. అడుగున ఇనుప జాలీ ఉన్నవైతే అసలే వద్దు. పెంటికలు కిందికి రాలిపోతాయి కదా అనుకుంటాం కానీ, జాలీ మీద నడిచి నడిచి పాదాలు పుండ్లవుతాయి.

విదేశాల్లో చాలామంది గూడు సొంతంగానే అమర్చుకుంటారు. మనమూ చేసుకోవచ్చు. చుట్టూ తీగ జాలీ పలకలు, అడుగున బోర్డులకు వాడే సన్‌ప్యాక్ ప్లాస్టిక్ షీటు. షీటు అంచుల్ని ఆరంగుళాల ఎత్తున పైకి మడిస్తే పెద్ద ట్రేలా తయారవుతుంది. చెత్త బయట పడదు, తుడిస్తే చాలు. జాలీ కన్నాల్లో పిల్లల తల పట్టేంత సందు మాత్రం ఉండకూడదు. దీన్ని నేలమీద కాకుండా నడుమెత్తు బల్ల మీద పెట్టుకుంటే శుభ్రం చేసేవాళ్ల వెన్ను మీకు రుణపడి ఉంటుంది!

కింద ఏం పరచాలి?

ఫ్లీస్: చలి దుప్పట్లకు వాడే ఈ నూలు కాని బట్ట తడిని పట్టి ఉంచదు, కిందికి వదిలేస్తుంది. దాని కింద రెండు మూడు పాత టర్కీ టవళ్లు పరిస్తే తడి వాటిలోకి ఇంకి, పైన పొడిగా ఉంటుంది. కొత్త ఫ్లీస్‌ను ముందుగా రెండు మూడుసార్లు వేడినీళ్లలో ఉతికితేనే ఈ గుణం వస్తుంది. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ వాడితే తడి కిందికి దిగదు. రెండు జతలు ఉంచుకుంటే ఒకటి ఉతుకులో, ఒకటి వాడకంలో.

కాగితపు పక్క: కాగితపు గుజ్జుతో చేసిన పక్క పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది. తడి బాగా పీలుస్తుంది, దుమ్ము తక్కువ. ఖర్చే ఎక్కువ. అందుకే గూడంతా ఫ్లీస్ పరిచి, ట్రేలో మాత్రం ఇది వాడటం లాభసాటి.

దినపత్రిక: మీరు చదివేసిన ఈ పేపరూ పనికొస్తుంది! అయితే అడుగు పొరగా మాత్రమే. ఒక్క పేపరే పరిస్తే తడిని పూర్తిగా పీల్చలేదు, కాళ్లు జారతాయి.

రంపపు పొట్టు: కలప అడితిలో చవగ్గా దొరుకుతుంది కదాని తెచ్చేయకండి. ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. దేవదారు జాతి కలప పొట్టు ఘాటు కూడా మంచిది కాదు. కోళ్ల షెడ్లలో వేసే ఊక మొనలు కంట్లో గుచ్చుకునే ప్రమాదముంది.

రోజుకు పది... వారానికి ముప్ఫై

రోజూ: ట్రేలో తడిసిన గడ్డి, కాగితం తీసి కొత్తవి వేయాలి. ఫ్లీస్ మీది పెంటికలు ఊడ్చేయాలి. మిగిలిపోయిన కూర ముక్కలు తీసేయాలి. సీసాలో నీళ్లు మార్చాలి. అంతే!

వారానికోసారి: ముందు వాటిని గడ్డి వేసిన అట్టపెట్టెలోకి మార్చండి. వెంటపడి పట్టుకుంటే బెదిరిపోతాయి. అవి దాక్కునే చిన్న పెట్టెనో గొట్టాన్నో అడ్డుపెట్టి, కీరా ముక్క చూపిస్తే వాటంతటవే ఎక్కుతాయి. తర్వాత బట్టలు దులిపి, వెంట్రుకలు గట్టి బ్రష్‌తో గీకేసి, పాత దిండు గలీబులో వేసి మూతి కట్టి మెషీన్‌లో వేయండి. గడ్డిపోచలు మెషీన్‌కు అడ్డుపడవు. మన బట్టలతో కలపకుండా విడిగా ఉతికి, ఎండలో ఆరేయాలి.

ట్రే అడుగున సున్నంలా తెల్లటి మరకలు కట్టి ఎంత తోమినా పోవడం లేదా? అది మూత్రంలోని కాల్షియం. తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి పోసి పావుగంట వదిలేయండి. తుడిస్తే వచ్చేస్తుంది. ఈ తెలుపు మరీ ఎక్కువగా ఉంటే మేత ఒకసారి చూసుకోండి. పాలకూర రోజూ పెట్టడం, పెద్దవాటికి కూడా లూసర్న్ గడ్డి వేయడం వల్ల కాల్షియం ఎక్కువవుతుంది. మూత్రాశయంలో రాళ్లకూ దారితీయొచ్చు.

మరో మాట. అన్నీ ఒకేసారి కడిగేయకండి. తమ వాసన పూర్తిగా పోతే అవి కంగారుపడి మళ్లీ అంతటా మూత్రంతో గుర్తులు పెట్టుకుంటాయి. దాక్కునే పెట్టె ఒక వారం, కింది బట్ట ఒక వారం అన్నట్టు మార్చుకుంటే మంచిది.

ఫినాయిల్ ముట్టొద్దు

వాసన రాగానే మన చేయి ముందు వెళ్లేది ఫినాయిల్ సీసా మీదికే. కొందరు కలరా ఉండలు వేస్తారు, ఇంకొందరు గూడు పక్కనే అగరొత్తి వెలిగిస్తారు. ఇవన్నీ మన ముక్కును మభ్యపెట్టేవే తప్ప అమోనియాను తీసేయవు. పైగా ఆ చిన్న ఊపిరితిత్తులకు మరో బరువు. వెనిగర్, వేడినీళ్లు, ఎండ... ఈ మూడు చాలు. వెనిగర్‌ను బ్లీచింగ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది.

మన ఎండాకాలంలో జాగ్రత్త రెట్టింపు కావాలి. వేడికి అమోనియా తొందరగా పుడుతుంది. తడిసి మురికిగా ఉన్న వెనకభాగం మీద ఈగలు గుడ్లు పెడితే పురుగులు పట్టి ప్రాణం మీదికొస్తుంది. వానాకాలంలో పక్క ఆరక బూజు పడుతుంది. ఈ రెండు కాలాల్లో వారానికి రెండుసార్లు పక్క మార్చాల్సిందే.

ఆ పది నిమిషాలే... పరీక్ష!

అడవిలో వేటకు గురయ్యే జంతువు కాబట్టి జబ్బు చేసినా గినీ పిగ్ పైకి కనపడనీయదు. మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ముందుగా చెప్పేది దాని గూడే. పెంటికలు తగ్గినా, చిన్నవైపోయినా, పెట్టిన గడ్డి పెట్టినట్టే ఉన్నా అనుమానించాలి. మూత్రంలో రక్తం కనిపించినా, పన్నెండు గంటలపాటు మేత ముట్టకపోయినా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర అరిగించి పట్టేయకండి. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే దీని ప్రాణాలు తీస్తాయి. వారానికోసారి శుభ్రం చేసే రోజే వంటింటి కాటాలో తూచి కేలండర్ మీద రాసుకోండి. ఒక్క వారంలో యాభై గ్రాములకు పైగా తగ్గిందంటే చూపించాల్సిందే.

ఈ పని పిల్లలకు అప్పగించి చూడండి. ‘చెత్త ఎత్తు’ అంటే మొహం మాడ్చుకునేవాళ్లే, ‘నువ్వే దీని డాక్టరు, ఈ రోజు ఎలా ఉందో చెప్పు’ అంటే పుస్తకం, పెన్సిలు పట్టుకుని తయారవుతారు. ఏ పిల్లాడైనా మరిచిపోయిన రోజు మాత్రం ఆ పని పెద్దవాళ్లదే. పిల్లల మాట నమ్మి ప్రాణిని ఆకలికి, తడికి వదిలేయలేం కదా! పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తామర లాంటివి వీటినుంచి మనకూ అంటుకోవచ్చు.

ఇంతకీ ఎత్తిన చెత్త ఏం చేయాలంటారా? గడ్డి తినే జీవి పెంటికలు మేక పెంటికల్లాగే మంచి ఎరువు. పెరూలో రైతులు పొలాలకు వేస్తారు. గడ్డి, కాగితంతో కలిపి ఓ మూల మగ్గబెడితే మేడ మీది కుండీలకు సరిపోతుంది. ఆ కుండీలో కొత్తిమీర జల్లండి. నాలుగు వారాల్లో చేతికొస్తుంది. అది కోసుకొచ్చి గూడు దగ్గరికి వెళ్లారంటే... ‘వీక్... వీక్...’!