రాసేది ఫెదర్‌స్టోన్‌హాఘ్, పిలిచేది ఫ్యాన్‌షా

ఇంగ్లీషులో 17 అక్షరాలున్న ఒక ఇంటిపేరు ఉంది. చాలా అరుదు. స్పెల్లింగ్ చూసి ‘ఫెదర్‌స్టోన్‌హాఘ్’ అని చదువుతాం. కానీ ఆ ఇంటివాళ్లలో చాలామంది దాన్ని ‘ఫ్యాన్‌షా’ అని పలుకుతారు! మరి మిగతా అక్షరాలు ఏమైనట్టు?

ముందు అర్థం చూద్దాం. ఇది ఊరి నుంచి వచ్చిన ఇంటిపేరు. ఇంగ్లండ్ ఉత్తరాన నార్తంబర్లాండ్‌లో, సౌత్ టైన్ నది పక్కన ఫెదర్‌స్టోన్ అనే చోటు, అక్కడో పాత కోట ఉన్నాయి. ఈ ‘ఫెదర్’ అంటే ఈక కాదు. పాత ఇంగ్లీషులో ‘నాలుగు’ అని అర్థమిచ్చే మాట. ‘స్టోన్’ రాయి. ‘హాఘ్’ అంటే ఏటి పక్కన చదునుగా ఉండే నేల. మూడు రాళ్లు నిలబెట్టి, పైన నాలుగోది పరిచిన పురాతన కట్టడం వల్ల ఆ పేరు వచ్చిందంటారు. మన ‘రాళ్లపల్లి’ ఇంటిపేరు గుర్తొస్తోంది కదా!

ఈ ఇంటిపేరున్న జార్జ్ విలియం అనే ఆయన 1834లో అమెరికా ప్రభుత్వానికి భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేశారు. పేరులో రాళ్లే, ఉద్యోగంలోనూ రాళ్లే. ఆయన స్పెల్లింగ్‌లో మాత్రం ఒక ‘ఈ’ తక్కువ.

ఇంగ్లీషువాళ్లు మాట మొదటి భాగాన్ని ఒత్తి పలికి, మిగతాది తేలిగ్గా వదిలేస్తారు. అలా వందల ఏళ్లలో నోట్లో పేరు అరిగిపోయింది. కాగితం మీద స్పెల్లింగ్ మాత్రం దాదాపు అలాగే ఉండిపోయింది.

ఇక్కడ మన సీఎస్ఈ వాళ్లకో సరదా విషయం. ఒకేలా వినిపించే పేర్లను కలిపి వెతకడానికి రాబర్ట్ రసెల్ 1918లో ‘సౌండెక్స్’ పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. మొదటి అక్షరం ఉంచి, తర్వాతి హల్లులకు అంకెలు ఇస్తుంది. అందులో ఫెదర్‌స్టోన్‌హాఘ్ వేస్తే ఎఫ్362 వస్తుంది, పలికినట్టు ఫ్యాన్‌షా అని రాసి వేస్తే ఎఫ్520. ఒకే మనిషి, రెండు కోడ్‌లు! అల్గారిథమ్ చూసేది అక్షరాలనే, దానికి చెవులు లేవు మరి.

మన ఇంటిపేర్లలోనూ చాలా ఊళ్లే ఉన్నాయి. గుంటూరు ‘గుంటూరి’ అవుతుంది, ఏలూరు ‘ఏలూరి’ అవుతుంది. ఆ చివరి గుడిలోనే ‘ఆ ఊరివాళ్లం’ అనే అర్థముంది. వాళ్లు రెండు ముక్కల్లో పలికే పేరుకి 17 అక్షరాలూ రాస్తున్నారు. మనమేమో హాల్‌టికెట్ మీద ‘జి’ అనో ‘ఇ’ అనో ఒక్క అక్షరంతో సరిపెట్టేస్తున్నాం. ఆ అక్షరం వెనక ఏ ఊరుందో ఈసారి ఇంటికెళ్లినప్పుడు తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. వాళ్లకి తెలిసినంత కూడా రేపు మనం చెప్పలేకపోవచ్చు.